ఎనభై నాలుగు కిలోల స్ప్రింగు

మా శంషాబాద్‌లో విమానం నెత్తిమీదికి వచ్చిందంటే మాట్లాడుతున్న మనిషి నోరు మూసుకుంటాడు. అది పోయాక, ఆపిన మాట దగ్గరే మళ్లీ అందుకుంటాడు. కొత్తగా వచ్చినవాళ్లు దాని మీద అరిచి మాట్లాడాలని చూస్తారు. మేం అరవం, ఆగుతాం. ఆ పది పన్నెండు క్షణాల్లో మనిషి చాలా ఆలోచించుకోవచ్చు. నేను ఒకసారి అట్లాగే ఆలోచించుకుని ఒక అంకె చెప్పాను. ఆ అంకె ఐలయ్యను ముంచింది.

ఐలయ్య బండ్ల మెకానిక్. నాది దాణా దుకాణం, నా పక్క షట్టరే అతనిది. నాకంటే ఆరేళ్లు పెద్దవాడు, నన్ను తమ్మీ అంటాడు. మనిషి చూడ్డానికి ఎండు కట్టెలా ఉంటాడు గానీ, చెయ్యి మాత్రం త్రాసు. ఏ వస్తువైనా ఒకసారి ఎత్తి చూసి ఇన్ని కిలోలని చెబితే, అర కిలో అటూ ఇటూ తప్ప తేడా ఉండదు.

ఆ విద్య పాల బండ్ల దగ్గర వచ్చింది. పాతికేళ్ల కింద ఊళ్ల నుంచి క్యాన్లు వేలాడదీసుకుని వచ్చే పాలవాళ్లకు ఒకటే బాధ: క్యాన్లు నిండుగా ఉన్నప్పుడు బండి కూలబడుతుంది, ఖాళీ అయ్యాక గాడిదలా తంతుంది. ఐలయ్య ఒక్కొక్కరినీ నిలబెట్టి అడిగేవాడు. ఎన్ని లీటర్లు తెస్తున్నావు, నీ బరువెంత, దారిలో గుంతలెన్ని. అన్నీ అడిగాకే వెనక షాకబ్జర్ స్ప్రింగు ముట్టుకునేవాడు. “చెప్పులంటే ఒకరియి ఒకరు ఏసుకోవచ్చు. స్ప్రింగు ఒకరిది ఒకరికి రాదు” అనేవాడు. అతని చేతిలో పడ్డ బండి మీద పాలు తొణికేవి కావని పాలవాళ్లు చెప్పేవాళ్లు. పాలవాళ్లు ఇంకొకరిని మెచ్చుకోవడం నేను విన్నది ఆ ఒక్క విషయంలోనే.

పాల బండ్లు పోయి వ్యాన్లు వచ్చాయి. ఐలయ్య ఖాళీ అయిపోతాడేమో అనుకుంటున్నప్పుడు, ఆరేళ్ల కింద, పట్నం నుంచి ఒకాయన మట్టి దారుల్లో తోలే బండి తెచ్చాడు. ఎత్తుగా, గుబ్బల టైర్లతో, మిడతలా ఉందది. తుక్కుగూడ అవతల నీలగిరి చెట్ల మధ్య తోలుతుంటే వేరు తగిలినప్పుడల్లా ఎగరేసి పడేస్తోందట. ఐలయ్య ఆయనను బండి మీద కూర్చోబెట్టి, వెనక ఎంత దిగిందో దర్జీ టేపుతో కొలిచాడు. “ఇది మీ బండి కాదు సార్. మీకంటె ఇరవై కిలోలు ఎక్కువున్నోనిది” అన్నాడు. ఆయన ఆ బండిని పాతదిగా కొన్నది నిజంగానే ఒక లావుపాటి మనిషి దగ్గర. ఆ మాట పాకింది. అప్పటి నుంచి ఆదివారాలు అడవి దారుల్లో తిరిగే ఉద్యోగస్తులంతా ఐలయ్య షట్టరు ముందుకు రావడం మొదలైంది.

వచ్చిన వాళ్లకు ఐలయ్య ఒక పద్ధతి పెట్టాడు. ముందు మనిషి నా కాంటా ఎక్కాలి. బూట్లు, హెల్మెట్, మోకాళ్లకు కట్టుకునే చిప్పలు, వీపు మీద నీళ్ల సంచి, చెట్ల మధ్యకు ఎట్లా పోతాడో అట్లాగే. నాది మా నాన్న కాలం నాటి ఇనుప కాంటా. బల్ల మీద బరువు పెడితే, ఇవతల కడ్డీ మీద నేను గుండు జరుపుకుంటూ చూడాలి. అంకెలు నా వైపే ఉంటాయి. నేను గట్టిగా చదువుతాను, ఐలయ్య సుద్దముక్కతో తన షట్టరు మీద రాసుకుంటాడు.

నిజం చెప్పాలంటే ఆ తతంగం నాకు సరదాగా ఉండేది. దాణా కొనే రైతులు, టీ తాగేవాళ్లు చుట్టూ చేరేవాళ్లు. ఇంగ్లీషులో గడగడా మాట్లాడే మనుషులు కాంటా ఎక్కగానే గొర్రెపిల్లలయిపోయేవాళ్లు. కడుపు లోపలికి పీలిస్తే బరువు తగ్గుతుందనుకునేవాళ్లలో పెద్ద చదువులు చదివినవాళ్లే ఎక్కువ. ఒక బక్క పిల్లవాడు సిగ్గుపడి జేబుల్లో స్పానర్లు వేసుకుని ఎక్కాడు. ఐలయ్య వాడి నడక చూసి, “పాన్లు ఈడ పెట్టి మళ్ల ఎక్కు బిడ్డా, ఇంట్ల నాయినకు చెప్పను తియ్” అన్నాడు.

మా వ్యాపారంలో తరుగు అని ఒకటుంది. రైతు మక్కలు తెస్తే తేమ అనీ దుమ్ము అనీ బస్తాకు రెండు కిలోలు తీసేస్తాం. మొహం మీదే చెప్పి తీస్తాం, రైతు మొహం మీదే తిడతాడు. అదంతా పైకి జరిగే సంగతి. కాంటా మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. “శివయ్య నోరు వంకర గానీ కాంటా వంకర కాదు” అని నా గురించి చుట్టుపక్కల ఒక మాట ఉండేది. దాని మీదే దుకాణం నడిచేది.

పోయిన సంవత్సరం షట్టర్ల యజమాని ఐలయ్య వైపు పడగొట్టి, విమానం ఎక్కేవాళ్ల కోసం లాడ్జి కట్టుకుంటానన్నాడు. దసరా దాకా గడువు. నా షట్టరు ఆయన చెల్లెలి వాటా, దానికి గండం లేదు. ఐలయ్య ఆ చుట్టుపక్కల అడగని చోటు లేదు. విమానాశ్రయం దగ్గర చోటంటే, ఇంజనాయిలు కారే పనికి ఎవరిస్తారు?

అప్పుడే నవీన్‌కుమార్ వచ్చాడు. మా వైపు పిల్లవాడే, వాళ్ల నాన్న పాల బండి ఒకప్పుడు బాగుచేసింది ఐలయ్యే. తుక్కుగూడ అవతల నీలగిరి తోట ఒకటి కౌలుకు తీసుకుని, మధ్యలో వాగు, బండలు, సీతాఫలం పొదలు అన్నీ కలుపుకుని అడవి దారి ఒకటి చేయించాడు. పట్నం వాళ్లు వచ్చి బండ్లు తోలుకోవచ్చు. గేటు పక్కన రేకుల షెడ్డు ఒకటి వేస్తున్నాడు.

“కాకా, గా షెడ్డు నీదే అనుకో” అన్నాడు ఐలయ్యతో. “కాకపోతే జగదీశ్ సార్ అని ఒకాయన పెట్టుబడి పెట్టి నాతోని కలుస్తుండు. బుద్వేల్ల ఉంటడు, పెద్ద ఉద్యోగం. ఆయన ఇంతవరకు మట్టి బండి తోలలే. ఆయనకు నువ్వొక బండి చూసి, మంచిగ తయారు చేసియ్యి. బండి ఆయనకు నచ్చిందంటె ఇగ మాట లేదు. దసరా నాడు నీ పాన్లు, బెంచీ అన్నీ షెడ్డుకు మోసుకపోవుడే.”

ఆ సాయంత్రం ఐలయ్య భార్య సక్కుబాయి నా దుకాణంలో కోళ్లకు నూకలు కొనుక్కుంటూ అంది, “మీ అన్న ఇయ్యాల షెడ్డుల కిటికీ ఏ దిక్కు పెట్టాల్నో కూడ సోచాయిస్తుండు. పెండ్లినాడు గూడ గింత నవ్వలే.”

జగదీశ్ మొదటిసారి వచ్చింది భార్య రేఖతో. ఇద్దరూ కోస్తా వైపు వాళ్లు, మర్యాదగా మాట్లాడేవాళ్లు. ఆయన ఫోన్‌లో ఒక బండి బొమ్మ చూపించాడు, నాలుగు వందల యాభై సీసీది.

ఐలయ్య బొమ్మను చాలాసేపు చూశాడు. “మంచిగుంది సార్. పడితే లేపుతరా?”

“ఎందుకు పడుతుందండీ?”

“చెట్ల నడుమ పడని బండి లేదు సార్. పడ్డదాన్ని లేపుడే సగం పని. సందుల తిప్పాలంటే బలం కాదు, బండి బరువు చూడాలె.”

అని, రిపేరుకు వచ్చిన ఒక పెద్ద బండిని నేల మీద పడుకోబెట్టి లేపమన్నాడు. జగదీశ్ ఒకసారి లేపాడు. ఐలయ్య మళ్లీ పడుకోబెట్టాడు. రెండోసారి లేపేసరికి ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయింది. మూడోసారి పడుకోబెట్టబోతుంటే ఆయనే చెయ్యి అడ్డం పెట్టాడు.

“మూడుసార్లు లేపగలిగిందే మీ బండి” అన్నాడు ఐలయ్య. రేఖ నవ్వింది. జగదీశ్ కూడా నవ్వాడు గానీ, ఆ నవ్వు కొంచెం ఆలస్యంగా వచ్చింది.

రెండు వందల సీసీ బండి, రెండేళ్లు వాడింది, రాజేంద్రనగర్‌లో దొరికింది. దాన్ని కొనేటప్పుడు ఐలయ్య నన్ను కూడా తీసుకుపోయాడు. చక్రాల పుల్లలను ఒక్కొక్కటే స్పానర్‌తో కొట్టి, కుండ కొనేవాడు విన్నట్టు విన్నాడు. పొట్ట కింద పడుకుని ఇంజనుకు రాళ్లు తగిలిన మచ్చలు లెక్కపెట్టాడు. ముందు చక్రాన్ని గాలిలోకి లేపి హ్యాండిల్‌ను నెమ్మదిగా తిప్పుతూ కళ్లు మూసుకున్నాడు. అమ్మేవాడు నన్ను పక్కకు పిలిచి, “ఆయనకు కండ్లు కనబడవా అన్నా?” అని అడిగాడు.

తరువాతి ఆదివారం జగదీశ్ పూర్తి వేషంతో వచ్చాడు, కాంటా ఎక్కడానికి. పక్కన రేఖ. చుట్టూ ఎప్పటిలాగే నా రైతులు. బండి వెనక షాకబ్జర్ విప్పేసి ఉంది కాబట్టి దాని మీద కూర్చోబెట్టి కొలవడానికి లేదు. పాత స్ప్రింగు బక్కవాళ్లకు చేసింది, ఈయనకు చాలదు. ఈయన బరువు తెలిస్తే కాటేదాన్‌లో స్ప్రింగులు చుట్టేవాళ్ల దగ్గర సరిపోయేది చేయించాలని ఐలయ్య ఆలోచన.

జగదీశ్ బల్ల ఎక్కాడు. నేను గుండు జరిపాను. ఎనభై దాటింది, కడ్డీ లేవలేదు. తొంభై దాటింది. నూట ఒకటి దగ్గర కడ్డీ నిలబడింది.

నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే విమానం వచ్చింది. అందరం ఆగాం.

ఆ ఆగిన సమయంలో రేఖ ఆయనతో అంతకు ముందే అన్న మాట గుర్తుకొచ్చింది: “మూడు నెలల నుంచి రాత్రిళ్లు జొన్నరొట్టే కదండీ, ఎనభైకి వచ్చే ఉంటారు.” ఆమె కాంటా వైపు పరీక్ష ఫలితం చూసే తల్లిలా చూస్తోంది. ఆయన నా వైపు చూస్తున్నాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. మా ఇంట్లో నాకు చక్కెర టీ బందు పెట్టి ఏడాదయింది, రోజూ రెండు పూటలా ఎదురు హోటల్లో తాగి, ఇంటికి పోయి చప్పటి టీకి మొహం చిట్లించేవాడిని నేను. బయట బిర్యానీ తిని ఇంట్లో జొన్నరొట్టె నమిలే మనిషి మొహం నాకు ఇంకొకరు చూపించనక్కర్లేదు.

విమానం పోయింది.

“ఎనభై నాలుగు” అని చదివాను.

రేఖ మొహం వెలిగింది. “బూట్లు, హెల్మెట్ అన్నీ కలిపే కదండీ? అయితే ఇంకా తక్కువే.” జగదీశ్ కాంటా దిగుతూ నా భుజం మీద చెయ్యి వేసి ఒకసారి నొక్కాడు. ఐలయ్య సుద్దతో ఎనభై నాలుగు అని రాసుకున్నాడు.

వాళ్లు పోయాక ఐలయ్య ఆ అంకెను చూస్తూ నిలబడ్డాడు. “మనిషి జర నిండుగ కనబడ్డడు తమ్మీ. నేనైతే తొంభై దాటినట్టె అనుకున్న.”

“కోటు లోపల మెత్తలుంటయి అన్నా. ఉబ్బి కనబడతది” అన్నాను.

“అంతే అయ్యుంటది. కాంటా చెప్పినంక ఇగ కన్ను చెప్పుడేంది” అని లోపలికి పోయాడు.

చెప్పేస్తే అయిపోయేది. చెబితే ఐలయ్య నవ్వి, నాలుగు తిట్టి, అంకె చెరిపి రాసుకునేవాడు. కానీ నా కాంటా మీద నేను అబద్ధం చదివానని ఐలయ్యతో అనడానికి నాకు నోరు రాలేదు. పదిహేడు కిలోలకు ఏమవుతుందిలే అనుకున్నాను. మా వ్యాపారంలో పదిహేడు కిలోలకు ప్రాణాలు పోయిన దాఖలా లేదు.

ఐలయ్య కాటేదాన్‌లో ఒక రోజంతా నిలబడి స్ప్రింగు చుట్టించుకొచ్చాడు. ఇంజను పొట్ట కింద కొట్టుకోకుండా ఇనుప రేకు ఒకటి వంచి బిగించాడు. అద్దాలు, లైట్లు, చెట్లకు తగిలి విరిగేవన్నీ విప్పేశాడు. ముందు పళ్ల చక్రం ఒక పన్ను చిన్నది వేశాడు, చెట్ల మధ్య నెమ్మదిగా పోతున్నా ఇంజను నిలిచిపోకుండా. హ్యాండిల్ రెండు వేళ్లు ఎత్తు చేశాడు. “అడవిల కూసొని తోలరు తమ్మీ, నిలబడి తోలుతరు. వంగితె నడుము పోతది.” ఆ పనంతా చేస్తూ మధ్యమధ్య షెడ్డు గురించే మాట్లాడేవాడు. బెంచీ తూర్పున ఉండాలట, పొద్దున వెలుగు పని మీద పడాలట.

అన్నీ అయ్యాక జగదీశ్‌కు ఫోన్ చేసి, ఒక్క పావుగంట వచ్చి కూర్చుని పొమ్మన్నాడు. ఆయనకు తీరిక లేదు, తోట తెరిచే రోజునే వస్తానన్నాడు. “బరువు రాసుకున్నారుగా” అన్నాడట.

ఐలయ్య బండి తోసుకుంటూ నా దుకాణానికి వచ్చాడు. “తమ్మీ, ఎనభై నాలుగు కిలోల జగదీశ్ సార్ని ఇయ్యి.”

యాభై కిలోల దాణా బస్తా ఒకటి సీటు మీదికి ఎత్తాం. మిగతా ముప్పై నాలుగు కిలోలు విడిగా ఇంకో సంచిలో పోసి నేను కాంటా పెట్టాలి. రేకు డబ్బాతో పోయడం మొదలుపెట్టాను. ఐలయ్య అటు తిరిగి తాడు విప్పుతున్నాడు. ఇదే సందు అనుకున్నాను. గుండు ముప్పై నాలుగు దగ్గరే ఉంచి, ఇంకో డబ్బా పోశాను, ఇంకోటి పోశాను. పదిహేడు కిలోలు కూడా పోసేస్తే ఎవరికీ ఏమీ చెప్పకుండానే లెక్క సరిపోతుంది. ఇంతకంటే తెలివైన ఆలోచన నాకు జీవితంలో రాలేదనిపించింది.

ఆరేడు కిలోలు ఎక్కువ పడ్డాయో లేదో, ఐలయ్య వచ్చి, “చాలు చాలు” అని సంచి ఎత్తాడు. ఎత్తి అట్లాగే ఆగాడు. “ఇది ముప్పై నాలుగు కాదు తమ్మీ. నలభై ఉంటది.”

“ఉంటదా?” అన్నాను.

“నీ ద్యాస యాడున్నది?” అని తనే డబ్బా అందుకుని, అదనంగా ఉన్నదంతా డ్రమ్ములో పోసేశాడు. మళ్లీ ఎత్తి చూశాడు. “గిప్పుడు సరిపోయింది. కాంటా పెట్టి చూడు.”

పెట్టి చూశాను. సరిగ్గా ముప్పై నాలుగు.

ఆ రెండో సంచిని బస్తా మీద కూర్చోబెట్టి, తాళ్లతో కట్టి, పైన హెల్మెట్ పెట్టాడు. దర్జీ టేపు తీసి వెనక ఎంత దిగిందో కొలిచాడు. స్ప్రింగును రెండు చుట్లు బిగించి మళ్లీ కొలిచాడు. నాలుగు వేళ్ల మేర దిగి, వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబడింది. అప్పుడే అన్నం గిన్నె తీసుకుని సక్కుబాయి వచ్చింది. హెల్మెట్ పెట్టుకున్న బస్తాను చూసి, “సారుకు నమస్తే. సారు తిన్నరా, కోళ్లే తిన్నయా?” అంది. ముగ్గురం నవ్వాం. నేనే ఎక్కువ నవ్వాను.

తోట తెరిచిన ఆదివారం పొద్దున్నే నా ట్రాలీ ఆటోలో బండి తీసుకుపోయాం. యాభై అరవై మంది చేరారు. సగం పట్నం వాళ్లు, సగం చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. నా దగ్గర దాణా కొనేవాళ్లే పది మంది కనిపించారు. గేటు పక్కన రేకుల షెడ్డు తయారుగా ఉంది. ఐలయ్య దాని లోపలికి పోయి తూర్పు గోడకు చెయ్యి ఆనించి చూసుకుని వచ్చాడు.

జగదీశ్ ఆలస్యంగా వచ్చాడు, వెంట రేఖ. ఐలయ్య టేపు పట్టుకుని ఎదురు పోయాడు. “సార్, రెండు నిమిషాలు కూసోండ్రి, కొలుస్త.”

“తర్వాత కాకా” అన్నాడు నవీన్. “అందరు ఎండల నిలబడ్డరు. ముందు సారు ఒక చుట్టు తిరిగొస్తడు, ఫొటోలు దిగాలె.”

జగదీశ్ బండి ఎక్కాడు. వెనక కిందికి దిగింది. ఐలయ్య చేతిలో టేపు అట్లాగే ఉంది. అతని కళ్లు సీటు నుంచి చక్రం దాకా ఒకసారి పోయి వచ్చాయి. “సార్, జర ఆగుండ్రి” అన్నాడు. ఇంజను స్టార్టయింది, చప్పట్లు మోగాయి, బండి పోయింది.

నీలగిరి చెట్ల వరుసల్లో పోతుంటే బాగానే ఉంది. మొదటి బండ దిగినప్పుడు ఠక్కుమని ఒక చప్పుడు వినిపించింది. చుట్టూ ఉన్నవాళ్లకు అది బండి చప్పుడే.

“అడుగు తగిలింది” అన్నాడు ఐలయ్య.

“అంటే?” అన్నాను.

“స్ప్రింగు మొత్తం కూసున్నది. ఇగ దిగేదానికి జాగ లేదు.” రెండోసారి ఠక్కుమంది. అతను అప్పటికే వాగు వైపు పరుగెత్తుతున్నాడు, రెండు చేతులూ ఊపుకుంటూ. యాభై ఆరేళ్ల మనిషి అట్లా పరుగెత్తుతుంటే కొందరు నవ్వారు.

వాగులోకి దిగే చోట మెట్టులాంటి బండ ఉంది. బండి వెనక భాగం ఆ దెబ్బకు కూలబడి, ఎదురు తన్నింది. ముందు చక్రం తేలిపోయి ఎడమకు తిరిగింది. జగదీశ్ హ్యాండిల్ మీది నుంచి రాళ్లలో పడ్డాడు. ప్రాణానికి ఏం కాలేదు. కుడి చెయ్యి మణికట్టు దగ్గర వంకరపోయి ఉంది.

ఆయనను చెట్టు నీడలో కూర్చోబెట్టారు. దవాఖానకు తీసుకుపోవడానికి కారు వాగు దాకా రావాలి. రేఖ కొంగుతో ఆయన మొహం తుడుస్తోంది.

“ఏంది కాకా ఇది?” అన్నాడు నవీన్. గొంతు పెద్దగా లేదు. పెద్దగా ఉంటేనే బాగుండేది. “మొదటి దినమే, గింతమంది ముంగట.”

ఐలయ్య బండి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని షాకబ్జర్ చూశాడు. చివర ఉండే రబ్బరు నలిగి చిట్లిపోయి ఉంది. దాన్ని వేలితో తడుముతూ అన్నాడు, “సార్, మీరు ఎనభై నాలుగు కాదు.”

నొప్పిలో కూడా జగదీశ్ తల రేఖ వైపు తిరిగింది. తరువాత నా వైపు. “ఆయన కాంటా మీదే కదండీ చూశారు” అన్నాడు. “అందరి ముందూ ఎనభై నాలుగని చదివారు. అడగండి.”

అందరూ నన్ను చూశారు. నా దాణా కొనే పది మందీ చూశారు. ఐలయ్య కూడా తలెత్తి చూశాడు. అప్పుడు అతని మొహంలో ఒకటి కదిలింది. నేను పోసిన రెండు డబ్బాలు అతనికి గుర్తుకొచ్చాయి. ఆ గుర్తుకు రావడం నాకు కనబడింది.

నేను నోరు తెరిచాను. విమానమేదీ రాలేదు. నా నోట్లోంచి వచ్చింది ఒక దగ్గు మాత్రమే.

“కాంటా సరిగనే ఉన్నది” అన్నాడు ఐలయ్య లేస్తూ, మోకాళ్ల మట్టి దులుపుకుంటూ. “స్ప్రింగుల తీగ సన్నది పడ్డది. నేను చూసుకోలే. నాదే తప్పు.”

నా రైతుల్లో ఒకాయన, “అంతే మరి, శివయ్య కాంటా తప్పుతదా” అని పక్కవాడితో అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ట్రాలీ ఆటోలో వెనక బండి, ముందు మేమిద్దరం.

తుక్కుగూడ దాటాక, “ఎంత తీసినవ్?” అన్నాడు.

“పదిహేడు.”

“బస్తాకు రెండే కదనే తరుగు.”

నేను నవ్వాలో లేదో తెలియక రోడ్డు చూశాను. కొంత దూరం పోయాక అడిగాను, “ఆడ ఎందుకు చెప్పలే అన్నా?”

“చెప్తె ఏమైతది? నా చేతికి పని ఏడనో ఒక కాడ దొరుకుతది. నీ కాంటా అబద్ధమాడిందని పది మందికి తెలిస్తె నీకు గా ఇనుపముక్కనే మిగుల్తది.” వెనక బండి తాళ్లు గట్టిగా ఉన్నాయో లేదో తిరిగి చూశాడు. “నీ మీద ప్రేమతోని చెప్పకుండ ఉన్ననని అనుకోకు. నువ్వు చెప్తవేమోనని చూసిన. దగ్గినవ్. ఇగ నేను చెప్పుడు ఎందుకనిపిచ్చింది.”

షట్టరు ముందు ఆటో ఆపాను. “దిగు, బండి దించాలె” అన్నాడు.

మూడో రోజు నేను నవీన్ దగ్గరికి పోయి ఉన్నదంతా చెప్పాను. గొప్ప చెప్పుకోవడానికి లేదు, మూడో రోజు పోయాను. అప్పటికే షెడ్డులో పట్నం మెకానిక్ ఒకడు సామాను సర్దుకుంటున్నాడు. బెంచీ పడమటి గోడకు వేసుకున్నాడు. నవీన్ అంతా విని అన్నాడు, “సరె శివన్నా, మంచిది. గీ ముచ్చట జగదీశ్ సార్ ఇంటికి పోయి, రేఖ మేడమ్ ముంగట చెప్పు. చెయ్యికి కట్టుంది, ఇంట్లనే ఉన్నడు. నూట ఒక్క కిలో అని చెప్పు. అప్పుడు కాకను నేనే పిలుస్త.”

బుద్వేల్ దాకా పోయాను. వాళ్ల అపార్టుమెంటు గేటు దగ్గర రిజిస్టర్‌లో పేరు రాయమన్నారు. ఎందుకు వచ్చావు అనే గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. వెనక్కి వచ్చేశాను.

దసరాకు ముందే ఐలయ్య షట్టరు పడగొట్టారు. ఎనభై నాలుగు అని సుద్దతో రాసిన రేకు ముక్క చాలా రోజులు ఇటుకల కుప్ప మీద కనబడింది. ఇప్పుడు అక్కడ లాడ్జి మూడో అంతస్తు లేస్తోంది. ఐలయ్య కాటేదాన్‌లో, జగదీశ్ బండికి తను స్ప్రింగు చుట్టించిన చోటనే, స్ప్రింగులు చుట్టే పనికి కుదిరాడు. రోజుకు నాలుగైదు వందల స్ప్రింగులు చుడతాడట. అవి ఎవరి కింద కూర్చుంటాయో అక్కడ ఎవరూ అడగరు.

నేను పాత కాంటా తీసేసి ఎలక్ట్రానిక్ కాంటా పెట్టాను. ఎర్ర అంకెలు రెండు వైపులా వెలుగుతాయి. రైతులు మెచ్చుకున్నారు. అట్లాంటి కాంటా కొన్నవాడు నిజాయితీపరుడనుకున్నారు.

నెలకోసారి ఐలయ్య సక్కుబాయి కోళ్లకు దాణా తీసుకుపోవడానికి వస్తాడు. బాగున్నావా అంటాడు, పిల్లలు బాగున్నారా అంటాడు. నేను కాంటా పెడుతున్నంతసేపు రోడ్డు వైపు తిరిగి నిలబడతాడు. మొన్న వచ్చినప్పుడు పది కిలోలు అడిగాడు. పది చూపించాక, సంచి కిందికి దించి మూతి కట్టబోయే ముందు, ఒక డబ్బా ఎక్కువ పోశాను.

అతను సంచి ఎత్తాడు. ఆగాడు. కింద పెట్టి, కట్టిన తాడు విప్పి, నా చేతిలోని డబ్బా అందుకుని, నేను ఎక్కువ పోసినంతా తీసి డ్రమ్ములో పోశాడు. మళ్లీ ఎత్తి చూసుకున్నాడు. మూతి కట్టుకుని, సంచి భుజాన వేసుకుని, బస్సు కోసం రోడ్డు దాటాడు.